మా వాడికి లెక్కలొచ్చు, స్టేట్‌మెంట్ లెక్కలు రావు. ఏం చేయాలి?

పెరటిజామ · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా బాబు ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఎక్కాలు ఇరవై దాకా గడగడా చెప్పేస్తాడు. భిన్నాలు కూడతాడు, భాగహారం ఇస్తే తప్పు పోడు. అదే లెక్కని నాలుగు వాక్యాల్లో రాసి ఇస్తే చాలు, పెన్సిల్ కొరుక్కుంటూ నా మొహం చూస్తాడు. "అమ్మా, ఇది ప్లస్సా మైనస్సా?" అదొక్కటే ప్రశ్న. నేను "మైనస్" అన్నానా, నిమిషంలో చేసి పడేస్తాడు.

నిన్నటి లెక్క ఇది, తెలుగులో చెప్తున్నా. బుట్టలో కొన్ని మామిడికాయలున్నాయి. మూడో వంతు పక్కింటివాళ్లకి ఇచ్చారు. మిగిలినవాటిలో సగం అమ్మారు. ఇంకా 12 ఉన్నాయి. మొదట ఎన్ని?

వాడు 1/3, 1/2 కూడి 5/6 అన్నాడు. మిగిలింది 1/6, అది 12, కాబట్టి 72. కూడిక తప్పు లేదు, గుణకారం తప్పు లేదు. జవాబు మాత్రం 36 అట. నాక్కూడా మొదట 72 సరైనదే అనిపించింది, అది వేరే సంగతి.

ట్యూషన్‌లో ఒక చార్ట్ ఇచ్చారు. "మొత్తం" అంటే కూడు, "మిగిలింది" అంటే తీసెయ్, "ఒక్కొక్కరికి" అంటే భాగించు, ఇలా పన్నెండు వరసలు. ఫ్రిజ్ మీద అతికించాం. అది వచ్చాక ఇంకా ఎక్కువ తప్పులు చేస్తున్నాడు. ఎవరైనా దారి చెప్పండి.

గ్రూప్స్‌రణం · సోమవారం రాత్రి 9:30

అక్కా, చార్ట్ మంచిదే, బట్టీ పట్టించండి. మేం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌లో కూర్చుని చేసేది అదే. పరీక్ష హాల్లో ఒక్కో ప్రశ్నకి నిమిషం కూడా దొరకదు. కీలకమైన మాట పట్టుకున్నామా, ఫార్ములా వేశామా, ముందుకి పోయామా. కథ చదువుతూ కూర్చుంటే కటాఫ్ దాటదు.

బడిగంట · సోమవారం రాత్రి 10:05

అమ్మా, ముందు ఆ చార్ట్ ఫ్రిజ్ మీంచి తీసేయండి. నేను హైస్కూల్లో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆ చార్ట్ చేసే చేటు నాకు బాగా తెలుసు, ఎందుకంటే మొదటి ఐదారేళ్లు నేనూ బోర్డు మీద అదే రాశాను.

మీ వాడికి రేపు ఈ లెక్క ఇచ్చి చూడండి. "అక్క దగ్గర 28 గాజులున్నాయి. ఇవి చెల్లి దగ్గర ఉన్నవాటికంటే 9 ఎక్కువ. చెల్లి దగ్గర ఎన్ని?" చార్ట్‌లో "ఎక్కువ" అంటే కూడిక కదా, వాడు 37 అంటాడు. చెల్లికే ఎక్కువ గాజులు వచ్చేశాయే అని వాడికి అనుమానం కూడా రాదు. ఎందుకంటే వాడు అక్కనీ చూడలేదు, చెల్లినీ చూడలేదు. 28, 9, "ఎక్కువ", ఈ మూడే చూశాడు. జవాబు 19.

నేను చివరికి పట్టుకున్న పద్ధతి చెప్తాను. లెక్కలో అంకెల మీద వేలు పెట్టి మూసేయండి. అంకె ఉన్నచోట "కొన్ని" అని చదవమనండి. "బుట్టలో కొన్ని కాయలున్నాయి, కొన్ని పక్కింటికి ఇచ్చారు, మిగిలినవాటిలో కొన్ని అమ్మారు, ఇంకా కొన్ని ఉన్నాయి." అంకెలు కనబడకపోతే పిల్లవాడికి కూడటానికీ తీసేయటానికీ ఏమీ దొరకదు. కథ వినక తప్పదు. ఇప్పుడు అడగండి: ఎవరు ఎవరికి ఇచ్చారు? అమ్మినవి ఎక్కడినుంచి తీశారు, నిండు బుట్టలోంచా, మిగిలిన బుట్టలోంచా?

మీ వాడు చేసిన తప్పు సరిగ్గా అక్కడే ఉంది. అమ్మిన సగాన్ని నిండు బుట్టలో సగం అనుకున్నాడు. ఒక పొడుగాటి గడి గీసి మూడు ముక్కలు చేయమనండి. ఒక ముక్క కొట్టేయమనండి, అది పక్కింటిది. మిగిలినవి రెండు ముక్కలు, అందులో సగం అంటే ఒక ముక్క. అదీ కొట్టేస్తే మిగిలిన ఒక్క ముక్కే 12. మూడు ముక్కలు 36. భిన్నాల కూడికే లేదు చూశారా?

ఆ తర్వాత 72ని కూడా వాడిచేతే పరీక్ష చేయించండి. 72లో మూడో వంతు 24 పోతే 48. అందులో సగం అమ్మితే 24 మిగలాలి. పుస్తకంలో 12 అన్నారు. జవాబుని మళ్లీ కథలో పెట్టి నడిపిస్తే అది నిలబడుతుందో లేదో తెలిసిపోతుంది, టీచరు టిక్ కొట్టక్కర్లేదు.

అర్ధరాత్రికాఫీ · సోమవారం రాత్రి 11:48

మాస్టారు చెప్పింది చదివి ఒక పాత గొడవ గుర్తొచ్చింది. ఫ్రాన్స్‌లో 1980 ప్రాంతంలో చిన్న తరగతుల పిల్లల్ని ఒక ప్రశ్న అడిగారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? చాలామంది పిల్లలు శుభ్రంగా 36 అని రాశారు.

నేను ఇప్పుడే మా అమ్మాయిని అడిగాను (నాలుగో తరగతి, ఇంకా పడుకోలేదు, అదో కథ). బస్సులో 26 గొర్రెలు, 10 మేకలు, కండక్టర్ వయసెంత? ఒక్క క్షణం ఆలోచించి "36" అంది. ఎలా వచ్చిందే అంటే "తీసేస్తే 16 వస్తుంది, 16 ఏళ్లవాళ్లకి కండక్టర్ ఉద్యోగం ఇవ్వరు కదా" అంది. తెలివి ఉంది, దాన్ని పెట్టాల్సిన చోట పెట్టలేదు. జవాబే లేదని చెప్తే కోపమొచ్చింది: "జవాబు లేకపోతే ఎందుకడిగావు?"

పెరటిజామ · మంగళవారం ఉదయం 6:50

😀 మా వాడూ 36 అన్నాడు. గాజుల లెక్కకి 37 అన్నాడు. బడిగంట మాస్టారూ, మీరు మా ఇంట్లో కెమెరా పెట్టలేదు కదా?

పలకాబలపం · మంగళవారం సాయంత్రం 5:20

నేను అనంతపురం జిల్లాలో ప్రైమరీ టీచర్ని. ఒక సంగతి ఎవరూ అనలేదు. ఈ పిల్లలకి లెక్క కంటే ముందు భాష అడ్డుపడుతుంది.

ఇంగ్లీషులో "ఫైవ్ లెస్ దేన్ ఎక్స్" అని ఉంటుంది. పిల్లవాడు ఎడమనుంచి కుడికి రాసుకుంటూ పోతాడు, 5 – ఎక్స్ అంటాడు. తప్పు. అదే తెలుగులో చెప్పి చూడండి. "ఎక్స్ కంటే 5 తక్కువ." ముందు ఎక్స్, తర్వాత 5, తర్వాత తక్కువ. రాస్తే ఎక్స్ – 5. మన వాక్యం నడక ఇక్కడ లెక్క నడకతో కలిసిపోతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకి నేను ఇదే చెప్తాను: చదవడం ఇంగ్లీషులో చదువు, నీకు నువ్వు తెలుగులో చెప్పుకో, తర్వాత రాయి. మా ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి కాబట్టి ఇది సులువు. ప్రైవేటు పిల్లలకి ఇంట్లో అమ్మానాన్నలే ఎదురు పేజీ.

అలాగని పుస్తకం తెలుగు గొప్పగా ఉందనుకోకండి. "గంటకు 72 కి.మీ. వేగంతో ప్రయాణించుచున్న 180 మీ. పొడవు గల రైలు 220 మీ. పొడవు గల ప్లాట్‌ఫాంను దాటుటకు పట్టు కాలమెంత?" ఈ "గల", "పట్టు", "దాటుటకు" ఏ ఇంట్లో మాట్లాడతారు? ఒక్క వాక్యంలో మూడు సంగతులు కుక్కారు. దాన్ని ముక్కలు చేయించాలి. రైలు ఉంది. దాని పొడవు 180. ప్లాట్‌ఫాం పొడవు 220. రైలు వేగం ఇంత. రైలు ప్లాట్‌ఫాం మొత్తం దాటాలి. ఎంతసేపు?

అయినా పిల్లలు 220నే తీసుకుంటారు, రైలు పొడవు వదిలేస్తారు. నేను బల్ల మీద స్కేలు పెట్టి, దాని పక్కన జామెట్రీ బాక్సుని నెట్టిస్తాను. బాక్సు ముందు అంచు స్కేలు మొదటికి వచ్చినప్పుడు "మొదలు" అనాలి. బాక్సు వెనక అంచు స్కేలు చివర దాటినప్పుడు "అయిపోయింది" అనాలి. ముందు అంచు ఎంత దూరం వెళ్లింది? స్కేలు పొడవు, ఇంకా బాక్సు పొడవు. అంతే, 400 మీటర్లు. గంటకు 72 అంటే సెకనుకి 20 మీటర్లు. 20 సెకన్లు. ఒకసారి చేత్తో నెట్టినవాడు మళ్లీ ఆ తప్పు చేయగా నేను చూడలేదు.

తక్కెడ · మంగళవారం రాత్రి 8:40

నాది కిరాణా కొట్టు. పదో తరగతి లెక్కల్లో బొటాబొటిగా గట్టెక్కాను, కానీ కొట్లో నా లెక్క తప్పదు. ఒక మాట చెప్తా.

మా అబ్బాయి పుస్తకంలో వడ్డీ లెక్క: 20,000 అసలు, 2 శాతం వడ్డీ, 9 నెలలు, వడ్డీ ఎంత? నేను టక్కున 3,600 అన్నాను. నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకి నాలుగొందలు, తొమ్మిది నెలలకి మూడువేల ఆరొందలు. వాడు 300 అన్నాడు. ఇద్దరం అరగంట పోట్లాడుకున్నాం. చివరికి తేలిందేమిటంటే పుస్తకంలో శాతం అంటే సంవత్సరానికి, మా బజార్లో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి. పుస్తకం లెక్కలో మాది 24 శాతం వడ్డీ. ఇద్దరి లెక్కా కరెక్టే, ప్రశ్నే వేరు.

కాబట్టి అమ్మా, అంకె పక్కన ఏముందో చూడమనండి. నెలకా, ఏడాదికా? కిలోకా, డజనుకా? సెంటా, గుంటా? సెంటంటే 48.4 గజాలు, గుంటంటే 121. ఒకటి అనుకుని ఇంకోటి కొంటే మునిగిపోతాం.

గ్రూప్స్‌రణం · మంగళవారం రాత్రి 9:15

ఒప్పుకుంటున్నా, చార్ట్ విషయంలో తొందరపడ్డాను. కానీ షార్ట్‌కట్లన్నీ చెత్త అంటే ఒప్పుకోను. ఒకటి చూడండి.

ఒక మేస్త్రీ గోడ 12 రోజుల్లో కడతాడు, ఇంకొకడు 18 రోజుల్లో. ఇద్దరూ కలిస్తే? స్కూల్లో 1/12 + 1/18 అని మొదలుపెట్టిస్తారు, సగంమంది అక్కడే పడుకుంటారు. మా సార్ చెప్పింది: గోడకి 36 వరసల ఇటుకలు ఉన్నాయనుకో. 12, 18ల కసాగు 36 కాబట్టి ఆ అంకె. మొదటివాడు రోజుకి 3 వరసలు, రెండోవాడు 2. ఇద్దరూ 5. ఏడు రోజులకి 35 వరసలు, ఒక వరస మిగిలింది, దానికి రోజులో ఐదో వంతు. 7 1/5 రోజులు.

దూరం లెక్కలో కూడా ఇదే. వెళ్లేటప్పుడు గంటకు 40, వచ్చేటప్పుడు 60, సగటు వేగం ఎంత? అందరూ 50 అంటారు. దూరం ఇవ్వలేదు కాబట్టి నేనే 120 అనుకుంటా. వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు. 48. నెమ్మదిగా వెళ్లినప్పుడు ఎక్కువసేపు రోడ్డు మీద ఉంటాం కదా, అందుకే సగటు 40 వైపు లాగుతుంది.

బడిగంట · మంగళవారం రాత్రి 9:50

తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్ని నేను షార్ట్‌కట్ అనను. గోడని కళ్లముందు పెట్టుకున్నావు, ఇటుకలు లెక్కపెట్టావు. ఇవ్వని దూరాన్ని ధైర్యంగా అనుకున్నావు. నేను వద్దన్నది అర్థం కాకుండా మాట పట్టుకుని గుర్తు వేయడాన్ని. నీదీ నాదీ ఒకటే దారి, నువ్వు కాస్త వేగంగా నడుస్తున్నావు.

చింతచెట్టు · బుధవారం ఉదయం 10:10

ఈ "అనుకోవడం" మా అమ్మమ్మకి బాగా వచ్చు, బడి గడప తొక్కలేదు ఆవిడ. ఎండాకాలం రాత్రుళ్లు డాబా మీద పడుకోబెట్టి అడిగేది. హంసల గుంపు ఎగురుతుంటే చెట్టు మీద హంస "వందమందీ ఎక్కడికి వెళ్తున్నారు?" అందట. "మేం వందమందిమి కాదు. మేమూ, మా అంతమందిమీ, మాలో సగమూ, ఆ సగంలో సగమూ, నువ్వూ కలిస్తే వంద" అన్నాయట. గుంపులో ఎన్ని?

మేం ఎక్స్ అనేవాళ్లం. ఆవిడ "నాలుగనుకో" అనేది. నాలుగూ, నాలుగూ, రెండూ, ఒకటీ, పదకొండు. కావలసింది చెట్టు మీద హంసని తీసేస్తే 99. పదకొండు తొమ్మిదిసార్లు వేస్తే 99. కాబట్టి నాలుగుని కూడా తొమ్మిదిసార్లు వెయ్యి, 36. నాలుగే ఎందుకు అంటే "సగంలో సగం తియ్యాలి కదరా, మూడనుకుంటే హంసని కోయాలి" అనేది.

పెద్దయ్యాక తెలిసింది, భాస్కరాచార్యుడి లీలావతిలో (1150) ఇదే పద్ధతికి ఇష్టకర్మ అని పేరుందని. ఇష్టమొచ్చిన అంకె అనుకుని మొదలుపెట్టి, చివర్లో సరిచేసుకోవడం. అందులో తుమ్మెదల లెక్క కూడా ఉంది. గుంపులో ఐదో వంతు కడిమి పువ్వు మీద, మూడో వంతు ఇంకో పువ్వు మీద, ఆ రెండింటి తేడాకి మూడు రెట్లు మరో పువ్వు మీద వాలాయి. ఒకటి మాత్రం గాల్లో తిరుగుతోంది. ఎన్ని తుమ్మెదలు? మీ వాడికివ్వండి. 15 అనుకుని మొదలుపెట్టమనండి, వెంటనే ఒక చిన్న ఆశ్చర్యం ఉంటుంది.

మనవాళ్లకీ ఇది కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అప్పటి పిల్లలు లెక్క చేయాలంటే ముందు పద్యం విడగొట్టుకోవాలి. మీ వాడి బాధ వాళ్లకి రెట్టింపు.

సింగపూర్‌చిన్నమ్మ · బుధవారం మధ్యాహ్నం 1:35

బడిగంట మాస్టారు గీసిన గడి ఇక్కడ పిల్లలకి అన్నం నీళ్లలాంటిది. సింగపూర్ పాఠ్యపుస్తకాల్లోకి 1980లలో వచ్చింది, బార్ మోడల్ అంటారు. మా పాప ప్రైమరీ 6, ఈ ఏడాది పీఎస్‌ఎల్‌ఈ (ఇక్కడ ప్రైమరీ చివర్లో పెట్టే పరీక్ష) రాయాలి.

ఉదాహరణకి, అన్న దగ్గర తమ్ముడికి మూడు రెట్లు డబ్బు, ఇద్దరికీ కలిపి 240. తమ్ముడికి ఒక గడి, అన్నకి అలాంటివే మూడు. మొత్తం నాలుగు గడులు 240, ఒక గడి 60. ఎక్స్ రాకముందే మూడో తరగతి పిల్ల ఇది చేసేస్తుంది.

కానీ ఒక హెచ్చరిక. మా పాప ఇప్పుడు దేనికైనా గడులే గీస్తుంది. 5 పెన్నులు 60 రూపాయలైతే 7 పెన్నులెంత అన్నా గడులే. మొన్న ఒక లెక్కలో పదిహేడు గడులు గీసింది, స్కేలుతో, రంగులు కూడా వేసింది. పరీక్ష టైమ్ అయిపోయింది. పనికొచ్చే బొమ్మ గీయడం వేరు, బొమ్మ గీయడం వేరు.

తక్కెడ · బుధవారం మధ్యాహ్నం 2:20

"మూడు రెట్లు" అంటే సరే. మా అబ్బాయి గైడులో "మూడు రెట్లు ఎక్కువ" అని ఉంది. తమ్ముడికి 60 ఉంటే అన్నకి 180యా, 240యా?

గ్రూప్స్‌రణం · బుధవారం మధ్యాహ్నం 2:31

180. పరీక్షలో ఎప్పుడూ 180.

అర్ధరాత్రికాఫీ · బుధవారం మధ్యాహ్నం 2:34

240. "ఎక్కువ" అన్నాక ఉన్నదాని మీద అంత ఎక్కువ అనే కదా. 50 శాతం ఎక్కువ అంటే 30 అంటావా, 90 అంటావా?

గ్రూప్స్‌రణం · బుధవారం మధ్యాహ్నం 2:36

శాతం వేరు, రెట్లు వేరు. మా అమ్మ "నీకంటే వాడు రెండు రెట్లు ఎక్కువ తింటాడు" అంటే మూడింతలు అని ఎవరైనా అనుకుంటారా?

బడిగంట · బుధవారం సాయంత్రం 4:00

ఇద్దరూ ఆగండి. మాట్లాడే తెలుగులో అది 180. కాఫీగారి తర్కమూ కాదనలేం. అలా రెండర్థాలొచ్చేలా ప్రశ్న రాసినవాడిదే తప్పు. "మూడు రెట్లు" అని రాసి ఊరుకుంటే సరిపోయేది. మీ గైడులో జవాబు చూసి వాళ్ల ఉద్దేశం కనుక్కోండి శెట్టిగారూ, ఇంకో గైడు కొనడం ఇంకా మంచిది.

తక్కెడ · బుధవారం సాయంత్రం 4:12

మాస్టారూ, నేను శెట్టిని కాదండి, కొట్టు ఉన్న ప్రతివాడూ శెట్టి కాదు 😀 ఇక్కడ మీరూ ఇవ్వని దాన్ని అనుకున్నారు.

బడిగంట · బుధవారం సాయంత్రం 4:20

తప్పు ఒప్పుకుంటున్నాను. మార్కు కట్.

పెరటిజామ · గురువారం రాత్రి 9:05

మూడు రోజులుగా అంకెలు మూసి చదువుతున్నాం. మొదటి రోజు విసుక్కున్నాడు. రెండో రోజు "కొన్ని" బదులు "బోలెడు" అని చదువుతూ నవ్వాడు. గాజుల లెక్క రంగు పెన్సిళ్లతో చేశాం, ఇప్పుడు పడట్లేదు. తుమ్మెదలు 15 అనుకోగానే జవాబు అదే అయ్యేసరికి "ఇది మోసం" అన్నాడు. ఐదో వంతు 3, మూడో వంతు 5, తేడా 2, దానికి మూడు రెట్లు 6, మొత్తం 14, ఒకటి గాల్లో. వాడే చెప్పాడు.

కానీ ఇవాళ ఇంకో చోట ఆగిపోయాడు. కందిపప్పు కిలో 160, ముప్పావు కిలో ఎంత? 160ని 3/4తో భాగించాడు. 213 చిల్లర వచ్చింది. ఎందుకు భాగించావంటే "ముప్పావు కిలో తక్కువ కదా, తక్కువ రావాలంటే భాగించాలి" అన్నాడు. జవాబు 160 కంటే పెరిగిందేంట్రా అంటే బిక్కమొహం వేశాడు.

పలకాబలపం · గురువారం రాత్రి 9:40

ఇది చాలామందికి ఉంటుంది. చిన్న తరగతుల్లో పూర్ణసంఖ్యలతో గుణిస్తే ఎప్పుడూ పెరిగింది, భాగిస్తే తగ్గింది. అదే రూలు అని మనసులో పడిపోయింది. ఒకటికంటే చిన్న అంకె రాగానే ఆ రూలు తిరగబడుతుంది, ఆ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు.

కష్టమైన అంకె తీసి తేలికైనది పెట్టమనండి. ముప్పావు బదులు 2 కిలోలు అయితే ఏం చేస్తావు? 160ని 2తో గుణిస్తా. 3 కిలోలైతే? గుణిస్తా. మరి ముప్పావు కిలో అయితే కథ మారిందా? మారలేదు. అదే పని చెయ్యి. 120. పోల్యా అనే గణితవేత్త 1945లోనే లోకానికి గట్టిగా చెప్పిన సలహా ఇది: ఈ లెక్క రాకపోతే ఇలాంటిదే ఇంకా సులువైనది ముందు చెయ్యి.

లేదా లెక్క మొదలుపెట్టకముందే అంచనా చెప్పించండి. అర కిలో 80, కిలో 160. ముప్పావు ఆ మధ్యలో ఎక్కడో ఉండాలి. 213 వస్తే వెంటనే దొరికిపోతుంది.

తక్కెడ · గురువారం రాత్రి 9:52

వాడిని రెండు రోజులు నా కొట్లో కూర్చోబెట్టండి. ముప్పావు కిలోకి 213 అడిగితే పిన్నిగార్లు వాడికి లెక్కలు బాగా నేర్పిస్తారు.

అర్ధరాత్రికాఫీ · శుక్రవారం రాత్రి 12:20

భాగహారం అంటే ఇంకొకటి. అమెరికాలో 1983లో 13 ఏళ్ల పిల్లలకి దేశమంతా పెట్టిన పరీక్షలో ఒక లెక్క ఇచ్చారు. 1,128 మంది సైనికులు, ఒక్కో బస్సులో 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? భాగహారం చాలామంది సరిగ్గా చేశారు. కానీ 29 శాతం మంది "31 బస్సులు, శేషం 12" అని రాశారు. 32 అన్నవాళ్లు 23 శాతమే. శేషం 12 అంటే రోడ్డు మీద నిలబడిన పన్నెండుమంది మనుషులు.

మా అమ్మాయికి నేను ఒకే భాగహారం మూడు కథల్లో ఇచ్చా. 50 మంది పిల్లలు, జీపుకి 8 మంది, ఎన్ని జీపులు? 7. యాభై రూపాయలు, పెన్ను 8 రూపాయలు, ఎన్ని పెన్నులొస్తాయి? 6. యాభై రూపాయలు 8 మందికి సమానంగా పంచితే తలా ఎంత? 6.25. మూడింటికీ 50 ÷ 8 ఒకటే, జవాబులు మూడు. "ఎన్ని" అని అడిగారా, "ఎంత" అని అడిగారా కూడా చూడమన్నా. మన భాషలోనే ఆ తేడా ఉంది కదా, మనుషుల్నీ పెన్నుల్నీ "ఎంత" అనం.

సింగపూర్‌చిన్నమ్మ · శుక్రవారం ఉదయం 7:15

కాఫీగారూ, ఇది ఇవాళ్టి టిఫిన్ దగ్గర మా పాపకి. ఎక్స్ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది కూడా ఎవరైనా చెప్పండి. మా వారు ఇప్పటినుంచే అన్నింటికీ ఎక్స్ పెట్టమంటారు.

బడిగంట · శుక్రవారం ఉదయం 9:30

గడి గీస్తే తేలిపోయేదానికి ఎక్స్ అక్కర్లేదమ్మా. రెండు మూడు గడుల్లో కుదరక బొమ్మ గజిబిజి అయినప్పుడు ఎక్స్ తనంతట తానే కావాలనిపిస్తుంది. గడి మీద పేరు రాస్తే అదే ఎక్స్.

పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. "ఎక్స్ = మామిడికాయలు" అని రాయనివ్వకండి. "ఎక్స్ = మొదట బుట్టలో ఉన్న కాయల సంఖ్య" అని పూర్తిగా రాయాలి. నా క్లాసులో తెలివైన పిల్లలు కూడా తప్పే లెక్క ఒకటుంది. బడిలో టీచర్లకి ఆరు రెట్ల మంది పిల్లలున్నారు, టీచర్లు ట, పిల్లలు ప, సమీకరణం రాయండి. సగంమంది 6ప = ట అని రాస్తారు. "ఆరుగురు పిల్లలకి ఒక టీచరు" అని చదువుకుంటూ రాస్తారు, అక్షరాన్ని మనిషిగా అనుకుంటారు. పదిమంది టీచర్లు, అరవైమంది పిల్లలు అని అంకెలు వేసి చూస్తే 360 = 10 అని నవ్వొస్తుంది. ప = 6ట.

పలకాబలపం · శుక్రవారం మధ్యాహ్నం 1:10

కూలీల లెక్కల గురించి కూడా ఒక మాట. 12 మంది 8 రోజుల్లో చేసే పని 16 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? విలోమానుపాతం అని మొదలుపెడితే పిల్లలు పారిపోతారు. ఉపాధి హామీ పథకం 2006లో మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. మా పిల్లల అమ్మలకి "పనిదినం" అన్న మాట నోట్లో నానింది. 12 మంది, 8 రోజులు, 96 పనిదినాలు. 16 మంది పంచుకుంటే 6 రోజులు. మా క్లాసులో ఒక పాప వాళ్లమ్మ దగ్గర నేర్చుకుని నాకే చెప్పింది ఇలా.

చింతచెట్టు · శుక్రవారం రాత్రి 8:00

పెరటిజామగారూ, ఇంక వాడినే ఒక లెక్క రాయమనండి. కాఫీగారి 50 ÷ 8 ఇచ్చి, దానికి కథ కట్టమనండి. మా మనవడు కోళ్లూ మేకల లెక్క తనే రాసి మమ్మల్ని రెండు రోజులు తిప్పలు పెట్టాడు. తలలు 20, కాళ్లు 56. అన్నీ కోళ్లే అనుకుంటే 40 కాళ్లు, మిగతా 16 కాళ్లు మేకలవి, మేకకి రెండేసి చొప్పున 8 మేకలు. వాడి జవాబులో మాత్రం 8 మేకలు, 11 కోళ్లు. ఒక తల వాళ్ల నాన్నదట. నాన్నకీ రెండు కాళ్లే కదా, లెక్క సరిపోయిందని వాదించాడు.

పెరటిజామ · ఆదివారం ఉదయం 11:25

రాయించానండి. వాడి మాటల్లోనే పెడుతున్నా.

"సంక్రాంతికి అమ్మ 50 బొబ్బట్లు చేసింది. ఇంటికి 8 మంది చుట్టాలు వచ్చారు. అందరికీ సమానంగా పెడితే ఎన్ని మిగులుతాయి?"

కింద జవాబు: "50 ÷ 8 = 6, శేషం 2. కానీ జవాబు 0. ఎందుకంటే ఆ రెండు నేను వంటింట్లోనే తినేశాను."

బడిగంట · ఆదివారం ఉదయం 11:40

పూర్తి మార్కులు. అమ్మ, నాన్న ఏం తిన్నారో కూడా ఒకసారి అడగండి.